బొమ్మ కనబడితే చాలదు, మాట వినబడాలి

వీడియోలో తెలుగు పీరియడ్ నడపడం మన బడులకు సరిపడదని తేల్చేసేవాళ్ళు ఎక్కువవుతున్నారు. వాళ్ళు చెప్పే కారణాలు మనకు తెలిసినవే. తెరమీద మాస్టారి బొమ్మ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మాట తెగి తెగి వస్తుంది. పిల్లలు పలికింది అవతలికి చేరేసరికి ఆయన తర్వాతి వాక్యం మొదలుపెట్టేసి ఉంటారు. నాలుగు రోజులు ఇలా సాగితే ఆ పీరియడ్ లెక్కలకో సైన్సుకో పోతుంది. ఏడాది చివర అడిగితే పిల్లలకు ఆసక్తి లేదన్న జవాబు వస్తుంది.

ఈ జవాబును మేం ఒప్పుకోం. చాలాసార్లు ఇందులో తప్పు పిల్లలదీ కాదు, మాస్టారిదీ కాదు. బడి నెట్‌వర్క్ గుమ్మం దగ్గర మూసి ఉన్న కొన్ని పోర్టులది. వాటిని సరిగ్గా తెరిపించడం తెలిసిన మనిషికి ఒక పూట పని. ఆ పని చేయమని కాగితం మీద అడగడం టీచర్ పోస్టు కోసం, పాఠ్యపుస్తకం కోసం అడగడంతో సమానమైన పనేనని మా అభిప్రాయం.

వీడియో పాఠం మనకు ఎందుకు అవసరమో ముందు చెప్పుకుందాం. హోసూరు, బళ్ళారి, షోలాపూర్, బరంపురం లాంటి చోట్ల తెలుగు చెప్పే మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. కొత్త మనిషి వచ్చేలోగా పిల్లలు పై తరగతికి వెళ్ళిపోతారు. ఒక బడిలో ఉన్న మాస్టారు వారంలో మూడు పీరియడ్లు పక్క ఊరి బడికి తెరమీద చెప్పగలిగితే ఆ పిల్లలకు అక్షరం చెడిపోదు. తెలుగే ప్రధాన భాషగా ఉన్న యానాం నుంచి కూడా ఇలాంటి సాయం రావచ్చు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల్లో తెలుగు వాచకాలు ఎవరివి వాళ్ళకున్నాయి. పుస్తకం వేరైనా గుణింతం ఒకటే, ఒత్తులు ఒకటే, పద్యం చదివే తీరు ఒకటే.

ఇక పోర్టు సంగతి. పెద్ద బస్టాండుకు వెళ్ళినప్పుడు ఊరి పేరు తెలిస్తే సరిపోదు, ఏ ప్లాట్‌ఫారం దగ్గర నిలబడాలో కూడా తెలియాలి. ఇంటర్నెట్‌లో కూడా అంతే. ప్రతి కంప్యూటర్‌కూ ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా దగ్గర 0 నుంచి 65535 దాకా ప్లాట్‌ఫారం నంబర్లు ఉంటాయి. ఆ నంబర్లే పోర్టులు. మనం రోజూ చూసే వెబ్‌సైట్లు దాదాపు అన్నీ 443 నంబర్ మీద నడుస్తాయి. పాత పద్ధతి వెబ్ పేజీలది 80. బడిలో నెట్ పెట్టించినప్పుడు చాలాచోట్ల ఈ రెండింటినీ ఉంచి మిగతావి మూసేస్తారు. పిల్లలు ఆటలు ఆడకూడదనీ, సినిమాలు దించుకోకూడదనీ అలా చేస్తారు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ వీడియో పాఠానికి కావలసిన దారి కూడా ఆ తాళంతోనే మూసుకుపోతుంది.

ఎందుకంటే వెబ్ పేజీ, మనిషి మాట ఒకే రకంగా ప్రయాణం చేయవు. వెబ్ పేజీ టీసీపీ అనే పద్ధతిలో వస్తుంది. అది రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. ప్రతి ముక్కకూ రసీదు ఉంటుంది. ఒక ముక్క దారిలో పోతే దాన్ని మళ్ళీ తెప్పించేదాకా వెనక ముక్కలన్నీ ఆగుతాయి. పేజీకి అది మంచిదే, ఒక్క అక్షరం కూడా పోకూడదు. మాటకు అలా కుదరదు. మాస్టారు "క" అన్నాక ఆ ముక్క రెండు సెకన్లు ఆలస్యంగా వస్తే దాంతో మనకు పనేమిటి? అందుకే మాట, బొమ్మ యూడీపీ అనే పద్ధతిలో పోతాయి. ఇందులో రసీదులు లేవు, ఆగడం లేదు. ఒకటి రెండు ముక్కలు పోయినా తర్వాతివి వేళకు వచ్చేస్తాయి. జూమ్, గూగుల్ మీట్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ అన్నీ మాటను ముందుగా యూడీపీలో పంపడానికే చూస్తాయి.

బడి ఫైర్‌వాల్ యూడీపీని అడ్డుకుంటే ఈ యాప్‌లు చేతులెత్తేయవు. 443 మీద టీసీపీలోకి సర్దుకుంటాయి. క్లాసు తెరుచుకుంటుంది, పేర్లు కనిపిస్తాయి, చాట్ నడుస్తుంది. అంతా బాగానే ఉందని కంప్యూటర్ చూసుకునే మనిషి వెళ్ళిపోతాడు. లైను కాస్త రద్దీ కాగానే మాట ఆగడం, ఆగిన మాట ఒక్కసారిగా వచ్చిపడడం మొదలవుతుంది. కొన్ని సొంత సర్వర్లకు ఆ సర్దుబాటు దారి కూడా ఏర్పాటై ఉండదు. అప్పుడు పేర్లు మాత్రమే కనిపిస్తాయి, మాట అసలే రాదు.

లెక్కల పాఠంలో కొంత మాట పోయినా బోర్డు చూసి పట్టుకోవచ్చు. భాష పాఠంలో మాటే పాఠం. వీడియో యాప్‌లు మాటను సాధారణంగా సెకనులో 50వ వంతు ముక్కలుగా కోసి పంపుతాయి. ఒత్తక్షరంలో ఉండే ఊపిరి అలాంటి కొద్ది ముక్కల్లోనే ఉంటుంది. అవి పోతే "ఖరము" కాస్తా "కరము" అవుతుంది, గాడిద చెయ్యి అవుతుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. హోసూరు పిల్లవాడు ఈ నాలుగింటి తేడాను చెవితో నేర్చుకోవాలి. మరాఠీ, ఒడియా లిపుల్లో వర్గాక్షరాలన్నీ ఉన్నా ఎ, ఏలకు వేర్వేరు అక్షరాలు లేవు. ఒ, ఓలదీ అదే సంగతి. షోలాపూర్‌లోనో బరంపురంలోనో పిల్లకు "మెడ"కూ "మేడ"కూ, "కొన"కూ "కోన"కూ ఉన్న తేడా మాస్టారి నోటి నుంచే రావాలి. ఆ ఒక మాత్ర, రెండు మాత్రల తేడాను తెగిపోయే లైను మింగేస్తే పిల్ల తప్పుగా నేర్చుకుంటుంది. తప్పు నేర్చుకున్నట్టు ఎవరికీ తెలియదు కూడా.

ఆలస్యం ఇంకో దెబ్బ. మాట ఒకవైపు నుంచి రెండోవైపుకు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. అది సెకనులో ఏడో వంతు. అంతకు మించి పెరిగే కొద్దీ ఒకరి మాట మీద ఒకరు పడతారు. మాస్టారు పద్యపాదం చెప్పి పిల్లల చేత పలికించే పద్ధతి మనది. ఆలస్యం సెకను దాటితే ఆ పద్ధతి కూలిపోతుంది. మాస్టారు విసిగి తాను చెప్పుకుపోతారు, పిల్లలు వింటూ కూర్చుంటారు.

ఇలాంటప్పుడు మనకు దొరికే సలహా ఒకటే: స్పీడ్ పెంచుకోండి. తల్లిదండ్రులు చందా వేసుకుని పెద్ద ప్లాన్ తీసుకుంటారు. మూసిన గుమ్మం ముందు రోడ్డు వెడల్పు చేసినట్టుంటుంది అది. వీడియో పాఠంలో మాటకు సెకనుకు 100 కిలోబిట్లలోపే చాలు. మామూలు బొమ్మతో కలిపినా ఒకటి రెండు మెగాబిట్లతో గడిచిపోతుంది. బడిలో నలభై మంది నలభై ఫోన్లు పట్టుకోనక్కర్లేదు. ఒక తెర, ఒక మంచి మైకు, ఒక స్పీకర్, ఒక కనెక్షన్ ఉంటే తరగతంతా వినొచ్చు. డబ్బు ఖర్చు పెట్టేముందు తాళం ఎక్కడుందో చూడాలి.

అది చూడడానికి ఇంజనీరు అక్కర్లేదు. పాఠం సరిగా రాని ల్యాప్‌టాప్‌ను అదే గదిలో, అదే వేళకు, ఒక టీచర్ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. అదే క్లాసులో మళ్ళీ చేరండి. ఇప్పుడు మాట శుభ్రంగా వస్తే ల్యాప్‌టాప్‌దీ, యాప్‌దీ, అవతలి మాస్టారిదీ తప్పు కాదని తేలినట్టే. ఇక చూడాల్సింది బడి నెట్‌వర్క్‌నే. మరో పరీక్ష కూడా ఉంది. జూమ్ సెట్టింగ్స్‌లో స్టాటిస్టిక్స్ అనే చోట ఆలస్యం ఎంత, ఎన్ని ముక్కలు పోతున్నాయి అనేది క్లాసు నడుస్తుండగానే కనిపిస్తుంది. బడి వైఫై మీద ఒకసారి, హాట్‌స్పాట్ మీద ఒకసారి ఆ అంకెలు రాసుకోండి. పక్కపక్కన పెట్టిన ఆ రెండు వరుసలు ఏ వాదన కన్నా గట్టి రుజువు.

ఆ తర్వాత అడగాల్సిన నంబర్లు ఇవి. గూగుల్ మీట్‌కు మాట, బొమ్మ కోసం యూడీపీ 3478, ఇంకా 19302 నుంచి 19309 దాకా. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు యూడీపీ 3478 నుంచి 3481 దాకా. జూమ్‌కు యూడీపీ 3478, 3479, ఇంకా 8801 నుంచి 8810 దాకా. టీసీపీలో 8801, 8802. వీటన్నిటికీ టీసీపీ 443 ఎలాగూ కావాలి. ఈ పట్టికలను ఆయా కంపెనీలే తమ సహాయ పేజీల్లో పెడతాయి, అప్పుడప్పుడు మారుస్తాయి కూడా. కాబట్టి ప్రతి ఏడాది బడి తెరిచే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. మీ బడి ఏ యాప్ వాడుతుందో దాని వరుస ఒక్కటి చాలు, అన్నీ తెరవనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. "పోర్టులు తెరవండి" అనగానే కొందరు టెక్నీషియన్లు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టేస్తారు. ఇంకొందరు ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేసి, ఇప్పుడు చూడండి ఎంత బాగా వస్తుందో అంటారు. రెండూ వద్దు. పోర్టు విషయంలో రెండు దిక్కులున్నాయి. లోపలి నుంచి బయటికి వెళ్ళే దారి ఒకటి, బయటి నుంచి లోపలికి వచ్చే దారి ఒకటి. జూమ్, మీట్, టీమ్స్ లాంటివాటికి మన బడి కంప్యూటరే ముందుగా బయటికి పలకరిస్తుంది. ఆ పలకరింపుకు వచ్చే జవాబును ఫైర్‌వాల్ గుర్తుపట్టి లోపలికి వదులుతుంది. కాబట్టి పైన చెప్పిన నంబర్లను బయటికి వెళ్ళే దిక్కులో తెరిస్తే చాలు. బయటి నుంచి ఎవరైనా వచ్చి మన తలుపు తట్టే దారి తెరవాల్సిన అవసరం లేదు.

ఆ దారి తెరిస్తే ఏమవుతుంది? బడి నెట్‌వర్క్‌లో పాఠం చెప్పే ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండదు. సీసీ కెమెరాల పెట్టె ఉంటుంది, ఆఫీసు కంప్యూటర్ ఉంటుంది, అందులో పిల్లల చిరునామాలు, ఆధార్ నంబర్లు, మార్కులు ఉంటాయి. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్ళు వెతికే యంత్రాలు ఉన్నాయి. తెలుగు పాఠం కోసం తీసిన తలుపులోంచి పిల్లల వివరాలు పోతే, ఆ తర్వాత ఆ బడిలో తెలుగు గురించి అడగడానికి మనకు నోరుండదు.

సొంత సర్వర్ పెట్టుకునే బడుల సంగతి వేరు. జిట్సీ, బిగ్‌బ్లూబటన్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు. కొన్ని ట్రస్టులు పది బడులకు కలిపి ఒక సర్వర్ నడపవచ్చు. అప్పుడు ఆ సర్వర్ దగ్గర లోపలికి వచ్చే దారి తప్పకుండా కావాలి. జిట్సీకి మాట, బొమ్మ మామూలుగా యూడీపీ 10000 మీద వస్తాయి. బిగ్‌బ్లూబటన్‌కు యూడీపీ 16384 నుంచి 32768 దాకా కావాలి. ఆ సర్వర్‌ను బడి ఆఫీసు నెట్‌వర్క్‌లో పెట్టకూడదు. విడిగా అద్దెకు తీసుకున్న చోట ఉంచి, తెలిసిన మనిషి చేత ఎప్పటికప్పుడు అప్‌డేట్లు చేయించాలి. అంత ఓపిక లేని బడులు దాని జోలికి పోకపోవడమే మేలు.

మా మాటకు మన వాళ్ళలోనే రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది బరువైనది. వీడియో పాఠాలు బాగా నడిస్తే తెలుగు టీచర్ పోస్టులు ఇక నింపరు కదా, మనమే వాళ్ళకు సాకు ఇచ్చినట్టు కాదా అంటారు. ఈ భయం ఉత్తది కాదు. అందుకే వీడియో పాఠం కోసం ఇచ్చే ప్రతి దరఖాస్తులోనూ ఇది టీచర్ వచ్చేదాకా తాత్కాలిక ఏర్పాటు మాత్రమే అని రాయాలి. ఖాళీ పోస్టు వివరం అదే కాగితంలో ఉండాలి. కానీ పాఠం చెడగొట్టుకుని పోస్టు సాధించలేం. తెలుగు తీసుకునే పిల్లలు తగ్గిపోతే పోస్టు అడగడానికి ఆధారమే ఉండదు. పిల్లలను తెలుగులో నిలబెట్టుకోవడమే పోస్టుకు మన మొదటి సాక్ష్యం.

రెండోది, పాఠాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే సరిపోదా అన్నది. కథ వినిపించడానికి సరిపోతుంది. కానీ రికార్డింగ్ పిల్లవాడి నోరు వినదు. "ళ" పలకాల్సిన చోట "ల" పలికితే, ఆగు నాయనా మళ్ళీ అను, అనే మనిషి కావాలి. భాష పాఠంలో సగం పని ఆ దిద్దుబాటే. అందుకే ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ మాట నడిచే పాఠం కావాలంటున్నాం.

ఇది అడిగే హక్కు మనకుందా? ఉంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణ, భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని ప్రతి రాష్ట్రానికీ, ప్రతి స్థానిక సంస్థకూ చెబుతోంది. ఆనాడు సౌకర్యాలంటే గది, బల్ల, పుస్తకం, మాస్టారు. ఈనాడు మాస్టారు తెరమీద వస్తున్నప్పుడు ఆ తెరకు మాట చేర్చే దారి కూడా సౌకర్యమే. గది తాళం వేసి ఉంచి పాఠం చెప్పుకోండి అనడం ఎంత అన్యాయమో, పోర్టు మూసి ఉంచి ఆన్‌లైన్ తెలుగు పీరియడ్ ఇచ్చామనడం అంతే అన్యాయం.

కాబట్టి తల్లిదండ్రులకూ టీచర్లకూ మా విన్నపం ఇది. వచ్చే కమిటీ సమావేశానికి ఒక పేజీ దరఖాస్తు తీసుకెళ్ళండి. అందులో నాలుగు సంగతులు రాయండి. ఒకటి, హాట్‌స్పాట్ మీదా బడి వైఫై మీదా చేసిన పరీక్షల అంకెలు. రెండు, మీ బడి వాడే యాప్‌కు కావలసిన పోర్టులు, అవి బయటికి వెళ్ళే దిక్కులో మాత్రమే తెరవాలన్న మాట. మూడు, ఆ అనుమతి బడిలో అన్ని కంప్యూటర్లకూ కాకుండా పాఠం నడిచే గదిలోని ల్యాప్‌టాప్‌కే ఇవ్వాలన్న షరతు. నాలుగు, పని పూర్తయ్యాక అదే గదిలో ఒక పీరియడ్ నడిపి చూసి, మాట వినబడిందని తెలుగు టీచర్ సంతకం చేశాకే పని అయినట్టు లెక్క.

ఈ నాలుగో సంగతిని వదలకండి. తెర వెలిగిందా లేదా అన్నంతవరకే కంప్యూటర్ మనిషి చూస్తాడు. "శ"కూ "ష"కూ తేడా వినబడిందా లేదా అని చెప్పగలిగింది తెలుగు టీచర్ ఒక్కరే. వెనక బెంచీలో కూర్చున్న పిల్ల చేత ఒక పద్యపాదం చదివించండి. అవతలి మాస్టారు దాన్ని విని, ఎక్కడ తప్పిందో చెప్పగలిగితే పోర్టు సరిగ్గా తెరుచుకున్నట్టు.

దరఖాస్తు నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. జవాబు రాకపోతే నెల తర్వాత మళ్ళీ ఇవ్వండి. మీ బడిలో పని జరిగితే ఏ నంబర్లు తెరిపించారో పక్క ఊరి బడికి చెప్పండి. ఇన్ని తరాలుగా ఇంకో భాష మధ్యన ఉండి తెలుగును నిలుపుకున్నవాళ్ళం మనం. పది నంబర్ల పట్టికకు జంకి, వారానికి మూడు పీరియడ్ల తెలుగును పోగొట్టుకోవద్దు.